కుండ అడుగున ఎవరి పేరు?

(మా సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం తెలిసి పొద్దున్నే ఒక అక్క నన్ను నిలదీసింది. "ఇంగ్లండ్‌లో కుండలూ కప్పులూ చేసే కళాకారుల గురించి మనకెందుకు? ఇంటి హింస కేసులే తెమలడం లేదు, కూలి రేట్ల గొడవ అలాగే వుంది, ఇప్పుడు పింగాణీ పాత్రల ముచ్చట్లా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి తర్వాత అసలు విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ళ కిందట మేము పల్లెటూరి స్త్రీల చేతిపనులతో ఒక ప్రదర్శన పెట్టాం. బుట్టలు, చాపలు, మట్టిపాత్రలు. ఒక్కో వస్తువుకీ చీటీ కట్టాం. ఆ చీటీలు రాసింది నేనే. వస్తువు పేరు, ధర, కింద మా సంఘం పేరు. సాయంత్రం ఒక ముసలావిడ, మట్టిపాత్రలు చేసినావిడ, నా దగ్గరికొచ్చి "ఇందులో ఏం రాశావమ్మా?" అని అడిగింది. చదివి వినిపించాను. "మరి నా పేరేదీ?" అంది. "అందరి పేర్లూ రాయాలంటే కుదరదు గదమ్మా, సంఘం పేరుంటే మీ అందరి పేర్లూ వున్నట్టే" అన్నాను. ఆవిడ కాసేపు ఆ కుండ వంక చూసి, "సంఘానికి చేతులుంటాయా అమ్మా?" అని వెళ్ళిపోయింది.

స్త్రీల శ్రమకి గుర్తింపు లేదని అన్నేళ్ళుగా వేదికలెక్కి చెబుతున్నదాన్ని నేను. ఆ గుర్తింపు చెరిపేసిన చీటీలు నా చేతిరాతతోనే వున్నాయి. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుపోయింది. అందుకే 2019లో మా అమ్మాయి దగ్గరికి బర్మింగ్‌హామ్ వెళ్ళినప్పుడు, అందరూ లండన్ చూడమంటుంటే నేను రైలెక్కి స్టోక్-ఆన్-ట్రెంట్ అనే వూరికి వెళ్ళాను.

మన ఇళ్ళల్లో పాతకాలపు పింగాణీ కప్పులో సాసర్లో వుంటే తిప్పి అడుగు చూడండి. కొన్నిటి మీద 'ఇంగ్లండ్‌లో తయారైంది' అనే ముద్ర కనిపిస్తుంది. అలాంటి వాటిలో చాలాభాగం ఈ వూరి నుంచి వచ్చినవే. నిజానికి అది ఒక వూరు కాదు. టన్‌స్టాల్, బర్‌స్లెమ్, హ్యాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్‌టన్ అని ఆరు వూళ్ళు. 1910లో అన్నిటినీ కలిపి ఒకటి చేశారు. ఆ ప్రాంతాన్ని 'ది పాటరీస్' అంటారు, అంటే 'కుండల కార్ఖానాలు' అని. వృత్తే వూరి పేరయిందన్నమాట. ఒకప్పుడు ఇళ్ళ మధ్యే సీసాల ఆకారంలో ఇటుకలతో కట్టిన బట్టీలు వందల్లో వుండేవి. 1956లో గాలి కాలుష్యం మీద చట్టం వచ్చాక అవి ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలినవి యాభైకి లోపే.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ కార్ఖానాల పనివాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళు. పాత్రల మీద రంగులతో పూలూ తీగెలూ వేసేవాళ్ళని 'పెయింట్రెస్' అనేవాళ్ళు. పదమూడు పద్నాలుగేళ్ళకే పనిలో చేరేవాళ్ళు. కూలి మన బీడీ కార్మికుల లెక్కే. ఇన్ని బీడీలకింత అన్నట్టు, ఇన్ని డజన్ల కప్పులకింత.

లాంగ్‌టన్‌లో ఒక పాత కార్ఖానాని మ్యూజియంగా మార్చారు. అక్కడ ఒక పెద్దావిడ కనిపించింది. ముప్ఫై ఏళ్ళు పెయింట్రెస్‌గా చేసి రిటైరయిందట. ఆ వూళ్ళో ముక్కూ మొహం తెలియని వాళ్ళని కూడా 'డక్' అని పిలుస్తారు, మనం 'అమ్మా' అన్నట్టు. ఆవిడ నన్నూ అలాగే పిలిచి, ఒక సాసరు తిప్పి చూపించింది. అడుగున కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో వుంది. ఆ పక్కన గోరంత రంగు గీత. "ఇది నేను, డక్" అంది. అది సంతకం అనుకున్నాను. కాదట. వారం చివర ఎవరు ఎన్ని చేశారో లెక్కపెట్టి కూలి కట్టడానికి పెట్టుకున్న గుర్తు అది. ముప్ఫై ఏళ్ళ పనికి ఆవిడ పేరు ఆ గీత.

ఈ పేరులేనితనం దానంతటదే రాలేదు. పెట్టినవాళ్ళున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో పింగాణీ మీద బొమ్మలు వేసే మగ పనివాళ్ళు, ఆడవాళ్ళు చెయ్యి ఆనించుకునే చెక్క వాడకూడదని పట్టుబట్టారు. సన్నని గీత వణక్కుండా రావాలంటే మణికట్టు దేనిమీదో ఆనాలి. ఆ ఆసరా తీసేస్తే ఆడవాళ్ళ పని తక్కువరకంగా వుంటుంది. తక్కువరకం పనికి తక్కువ కూలి. బంగారు పూత పని కూడా మగవాళ్ళదే అన్నారు. తర్వాత "ఆడవాళ్ళకి నైపుణ్యం లేదు" అని తేల్చేశారు. కాళ్ళు కట్టేసి పరుగు పందెం పెట్టి ఓడిపోయావనడం మనకి కొత్త కాదు గదా.

ఇక ఆరోగ్యం సంగతి. పాత్రలకి మెరుపు తెచ్చే పూతలో సీసం కలిపేవాళ్ళు. ఆ పూతలో పాత్రలు ముంచే చోటా, ఎక్కువైన పూత గీకేసే చోటా ఆడవాళ్ళు చాలామంది. సీసం ఒంట్లో చేరి గర్భస్రావాలయ్యేవి, చచ్చిన బిడ్డలు పుట్టేవాళ్ళు, కొందరికి చేతులు పడిపోయేవి, చూపు పోయేది. బోన్ చైనా పాత్రలు కాల్చాక వాటికంటిన చెకుముకి రాతి పొడిని దులిపే పని పూర్తిగా ఆడవాళ్ళదే. ఆ దుమ్ము వూపిరితిత్తుల్ని తినేసేది. గెర్‌ట్రూడ్ టక్‌వెల్ లాంటివాళ్ళు, మహిళా ట్రేడ్ యూనియన్ లీగ్ వాళ్ళు సీసం లేని పూత కోసం పోరాడారు. ప్రభుత్వం, యజమానులు ముందు ఆలోచించింది మాత్రం సీసాన్ని తీసేద్దామని కాదు, ఆడవాళ్ళని పరీక్షించి, జబ్బు కనిపిస్తే పనిలోంచి తీసేద్దామని. సీసం ప్రమాదం లేని పూతలే వాడాలన్న నిబంధన 1940ల చివరికి గాని రాలేదు. అంతవరకు ఆ మెరుపు వెనక ఎన్ని ప్రాణాలు పోయాయో కప్పు అడుగున ఎవరూ ముద్ర వెయ్యలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ బ్రిటన్‌లో మట్టితో పనిచేసే కళాకారులు ఈ నేల మీద నిలబడి పనిచేస్తున్నారు. ఇది తెలియకుండా వాళ్ళ పని చూస్తే అందమైన కూజాలుగానే కనిపిస్తాయి.

పేరు సంపాదించిన మొదటి తరం స్త్రీలలో క్లారిస్ క్లిఫ్ ఒకరు. 1899లో టన్‌స్టాల్‌లో పుట్టింది. పదమూడేళ్ళకే కార్ఖానాలో రంగులద్దే పనిలో చేరింది. 1920ల చివర్లో నారింజ, పసుపు, నీలం రంగుల్ని ధైర్యంగా వాడి 'బిజార్' అనే పేరుతో పాత్రలు తెచ్చింది. అవి విపరీతంగా అమ్ముడుపోయాయి. పనిపిల్ల ఆర్ట్ డైరెక్టర్ అయింది. కప్పు అడుగున ఒక స్త్రీ పేరు వచ్చింది. గొప్ప విషయమే. అయితే ఆ పాత్రల మీద రంగులు వేసింది డెబ్బై మంది దాకా వున్న ఆడపిల్లలు. క్రోకస్ పువ్వు డిజైన్ వుంది. కుంచెతో రేకులు వేసి, పాత్రని తలకిందులు చేసి ఆకులు లాగాలి. చెయ్యి తిరిగితే గాని రాదు. వేల పాత్రల మీద అలా వేసిన ఆ చేతుల మీదుగా ఒక్క పేరే బయటికొచ్చింది. ఒక స్త్రీకి పేరు వస్తే స్త్రీలందరికీ వచ్చినట్టు కాదని అప్పుడే తెలిసింది.

కార్ఖానాలకి దూరంగా మరో దారి కూడా వుంది. 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన హమాడా షోజీ కలిసి సెయింట్ ఐవ్స్ అనే సముద్రపు వూళ్ళో కుండల కార్యశాల పెట్టారు. యంత్రాల ప్రపంచంలో చేతిపనికి విలువ తెచ్చిన ఆ ప్రయత్నాన్ని తక్కువ చెయ్యను. ఆ వర్గం వాళ్ళు పేరులేని పనివాడి గొప్పతనం గురించి ఎంతో రాశారు. జపాన్ తత్వవేత్త యానగి రాసిన 'అజ్ఞాత శిల్పకారుడు' అనే అర్థం వచ్చే పుస్తకాన్ని 1972లో ఇంగ్లీషులోకి తెచ్చింది లీచే. పేరున్నవాళ్ళు పేరులేనితనాన్ని పొగడడం తేలిక. లీచ్ భార్య జానెట్ 1956 నుంచి ఆ కార్యశాలని నడిపించింది, తనకంటూ వేరే శైలిలో కుండలు చేసింది. చాలాకాలం ఆమెని లీచ్ భార్యగానే చూశారు.

లూసీ రీ సంగతి వినండి. వియన్నాలో పుట్టిన యూదు స్త్రీ. అప్పటికే అక్కడ పేరున్న కళాకారిణి. 1938లో నాజీల నుంచి తప్పించుకుని లండన్ వచ్చింది. యుద్ధకాలంలో బతకడానికి ఏం చేసిందో తెలుసా? కోట్లకీ గౌన్లకీ పింగాణీ గుండీలు. వేల కొద్దీ గుండీలు. తనలాంటి శరణార్థులకి ఆ పనిలో చోటిచ్చింది. ఆమె పాత్రలు పలచగా, సన్నగా వుంటాయి. బరువైన గోధుమరంగు కుండలే అసలైన కుండలనుకునే లీచ్‌కి మొదట అవి నచ్చలేదు. ఆమె తన పద్ధతి వదల్లేదు. 1991లో ప్రభుత్వం 'డేమ్' బిరుదిచ్చింది. 1995లో చనిపోయింది. ఇవాళ గుండీలు కూడా మ్యూజియం అద్దాల పెట్టెల్లో వున్నాయి.

1970ల్లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ నుంచి కొందరు స్త్రీలు కలిసివచ్చినట్టు ఒకే కాలంలో బయటికొచ్చారు. ఎలిజబెత్ ఫ్రిచ్, అలిసన్ బ్రిటన్, జాక్వెలిన్ పాన్స్‌లే, కారల్ మెక్‌నికల్. కుండ అంటే సారె మీదే చెయ్యాలన్న నియమాన్ని వీళ్ళు పక్కన పెట్టారు. బ్రిటన్ మట్టిని రొట్టెలా పరిచి, పలకలుగా కోసి, అతికించి కూజాలు చేస్తుంది. ఫ్రిచ్ మట్టిని తాడులా పేని చుట్టలు చుట్టి, ఆ పాత్రల మీద సంగీతపు లయలాంటి రంగుల గళ్ళు వేస్తుంది. కూజా వుంటుంది, నీళ్ళు వంచడానికి కాదు. ఇంట్లో రోజూ చూసే వస్తువు గురించి ఆలోచించమని అడుగుతుంది. వంటింట్లో వుండేది చిన్న విషయమని ఎవరన్నారు అని అడిగినట్టుంటుంది నాకు.

సారె అన్నాను గదా. ఇక్కడ మనవైపు సంగతి ఒకటి చెప్పాలి. మా వూళ్ళో కుమ్మరి ఇళ్ళల్లో మట్టి తవ్వి తేవడం, జల్లించడం, తొక్కడం, ఎర్రమన్ను పూయడం, ఆవానికి పిడకలూ చితుకులూ మోయడం, కాలిన కుండల్ని తట్టలో పెట్టుకుని వూరూరా అమ్మడం, అన్నీ ఆడవాళ్ళు చేసేవాళ్ళు. సారె ముందు కూచునేది మాత్రం మగవాడు. అందుకని కుమ్మరి అంటే అతనే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. ఆ ఏడాది శ్రమలో సగం ఎవరిదో సామెత కూడా చెప్పదు.

సారె లేకుండా చేతులతోనే కుండ కట్టడం ఆఫ్రికాలో ఎన్నో చోట్ల స్త్రీల విద్య. నైజీరియాలో లాడి క్వాలి అనే ఆవిడ వుండేది. మేనత్త దగ్గర నేర్చుకుని, చేతులతో పెద్ద పెద్ద నీళ్ళ కుండలు చేసి, వాటి మీద బల్లులూ తేళ్ళూ గీసేది. అప్పట్లో అది బ్రిటిష్ వలస. వలస ప్రభుత్వం తరపున మైకేల్ కార్డ్యూ అనే ఇంగ్లీషాయన అబూజాలో కుండల శిక్షణ కేంద్రం పెట్టాడు. అక్కడికి 1954లో చేరిన మొదటి స్త్రీ లాడి క్వాలి. అప్పటికే అంత విద్య వున్నావిడ 'శిక్షణ'కి చేరడం ఏమిటో చూడండి! తర్వాత ఆమె పేరు దేశదేశాలకీ వెళ్ళింది. ఇవాళ నైజీరియా ఇరవై నైరాల నోటు మీద ఆమె బొమ్మ వుంది.

1974లో ఆ అబూజా కేంద్రానికి ఇంగ్లండ్ నుంచి ఒక విద్యార్థిని వచ్చింది. పేరు మాగ్డలీన్ ఒడుండో. కెన్యాలో 1950లో పుట్టి, కొన్నేళ్ళు మన ఢిల్లీలో పెరిగి, 1971లో చదువుకోసం ఇంగ్లండ్ వెళ్ళింది. ఇంగ్లండ్ కాలేజీలో చేరిన ఆ ఆఫ్రికన్ అమ్మాయి, చేతులతో కుండ కట్టడం నేర్చుకోవడానికి మళ్ళీ ఆఫ్రికా స్త్రీల దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. లాడి క్వాలి దగ్గర కూచుని నేర్చుకుంది. ఒడుండో కుండలు చూస్తే గర్భిణి పొట్టలా, మెడ తిప్పిన మనిషిలా వుంటాయి. సారె వాడదు. పూత పూయదు. పలచని బంకమట్టి నీళ్ళు రాసి, రాయితో, చెంచాతో గంటలకొద్దీ రుద్ది నునుపు చేస్తుంది. గాలి బాగా ఆడేలా కాలిస్తే ఎరుపు నారింజ రంగు వస్తుంది. గాలి ఆడకుండా పొగలో మళ్ళీ కాలిస్తే నలుపు. ఇప్పుడా కుండలు వేలంలో లక్షల పౌండ్ల ధర పలుకుతున్నాయి. 2020లో ఆమెకి డేమ్ బిరుదు వచ్చింది. లాడి క్వాలి దగ్గర నేర్చుకున్నానని ఆమె చెప్పుకుంటుంది. పేరు వచ్చాక గురువు పేరు చెప్పడం పెద్ద పని కాదనిపిస్తుంది. చెప్పనివాళ్ళు ఎంతమందో తెలిస్తే ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

ఇంకో కళాకారుడి గురించి కూడా చెప్పాలి. గ్రేసన్ పెర్రీ. ఆడవాళ్ళ గౌన్లు వేసుకుంటాడు, ఆ వేషంలో తనకి 'క్లేర్' అని పేరు పెట్టుకున్నాడు. 1980ల్లో సాయంత్రం క్లాసుల్లో కుండలు చెయ్యడం నేర్చుకున్నాడు. అతనివీ చుట్టలు చుట్టి చేసిన కూజాలే. దూరం నుంచి చూస్తే జమీందారు బంగళాలో పెట్టుకునే పూలకూజాలా వుంటాయి. దగ్గరికెళ్తే పిల్లల మీద హింస, మగతనం పేరుతో జరిగే దౌర్జన్యం, డబ్బున్నవాళ్ళ డంబం, అన్నీ వాటి మీదే కనిపిస్తాయి. 2003లో బ్రిటన్‌లో పెద్దదైన టర్నర్ బహుమతి అతనికి వచ్చింది. కుండలు చేసేవాళ్ళకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. అతను దానికి అర్హుడే. కాని అలిసన్ బ్రిటన్ తరం స్త్రీలు ముప్ఫై ఏళ్ళుగా 'ఇది చేతిపనా, కళా?' అనే ప్రశ్న దగ్గరే నిలబడి వుండగా, తలుపు తెరుచుకున్నది మగ కళాకారుడికి అన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు, పింగాణీ పాత్రలకీ హక్కుల పోరాటాలకీ వున్న సంబంధం. 1820ల్లో ఇంగ్లండ్ స్త్రీలు బానిసత్వానికి వ్యతిరేకంగా పంచదార బహిష్కరణ చేశారు. వెస్టిండీస్ పంచదార బానిసల చెమటతో తయారయ్యేది. అప్పుడు కొన్ని పంచదార గిన్నెలు తయారయ్యాయి. ఇది ఈస్టిండియా పంచదార, బానిసలు చేసింది కాదు అనే అర్థం వచ్చే రాత వాటి మీద వుండేది. ఈస్టిండియా అంటే మనమే. మనల్ని పాలించిన కంపెనీ సరుకుని స్వేచ్ఛకి గుర్తుగా అమ్మారు. ఆ కంపెనీ పాలనలో బానిసత్వానికి చట్టంలో చోటు తీసేసింది 1843లో. ఆ స్త్రీల వుద్దేశం మంచిదే. అయినా గిన్నె మీద రాసినదాని కంటే రాయనిదే ఎక్కువ.

1909లో ఓటు హక్కు కోసం పోరాడే స్త్రీలు లండన్‌లో పెద్ద ప్రదర్శన పెట్టి, టీ సెట్లు చేయించారు. వాటి మీద బాకా వూదే స్వేచ్ఛాదేవత. ఆ బొమ్మ గీసింది సిల్వియా పాంఖర్స్ట్. పాత్రలు చేసింది ఇందాక చెప్పిన లాంగ్‌టన్‌లో. ఓటు కోసం చేసిన ఆ కప్పుల మీద అచ్చులతికించిన చేతులు ఏ స్త్రీలవో ఎక్కడా లేదు. 1918లో ముప్ఫై ఏళ్ళు దాటి, కాస్త ఆస్తి అర్హత వున్న స్త్రీలకే ఓటు వచ్చింది. కార్ఖానా పిల్లలకి 1928 దాకా రాలేదు.

ఇలాంటి మరుగుపడిన సంగతుల్ని ఇవాళ్టి కళాకారులు బయటికి తీస్తున్నారు. జాంజిబార్‌లో పుట్టిన లుబైనా హిమిద్ 2007లో లాంకస్టర్ అనే వూళ్ళో ఒక పని చేసింది. బానిస వ్యాపారంతో డబ్బు చేసుకున్న రేవు పట్నం అది. పాత దుకాణాల్లోంచి పళ్ళేలు, జగ్గులు, గిన్నెలు వంద కొంది. వాటి మీద నల్లజాతి నౌకర్ల మొహాలు, పీకలదాకా తిని వాంతి చేసుకుంటున్న దొరల మొహాలు వేసింది. ఆ డబ్బుతో ఎవరు తిన్నారు, ఎవరు వడ్డించారు అన్నది పళ్ళెంలోనే చూపించింది. 2017లో ఆమెకి టర్నర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె.

క్లేర్ టూమీ అనే కళాకారిణి 2010లో ఎనభై ఎర్రటి పింగాణీ కూజాలు వరసగా నిలబెట్టింది.  వాటిలో డెబ్బైతొమ్మిది చైనాలోని జింగ్‌డెజెన్‌లో చేయించి, అక్కడే అచ్చు బొమ్మలతో అలంకరింపజేసింది. ఒక్కదానికి మాత్రం ఇంగ్లండ్‌లో డార్బీలోని కార్ఖానాలో చేత్తో బంగారు పని చేయించింది. డెబ్బైతొమ్మిదికీ పట్టిన కాలం కంటే ఆ ఒక్కదానికే ఎక్కువ పట్టింది. చూడ్డానికొచ్చినవాళ్ళు వరసలో నడుస్తూ అదేదో వెతుక్కోవాలి. ఇంగ్లండ్ కార్ఖానాలు ఎందుకు మూతబడ్డాయో చెప్పడానికి ఇంతకంటే తేటయిన పాఠం నేను చూడలేదు. చవక కూలి వెతుక్కుంటూ పని సముద్రాలు దాటిపోయింది. స్టోక్‌లో రెండొందల ఏళ్ళకి పైగా నడిచిన స్పోడ్ కార్ఖానా 2008లో ఆగిపోయింది. మర్నాడే రేపు మళ్ళీ వస్తారన్నట్టు అచ్చులు, బల్లలు అలాగే వదిలేసి వెళ్ళారు. మరుసటి ఏడాది నుంచి ఆ వూళ్ళో రెండేళ్ళకోసారి మట్టికళల పండగ జరుగుతోంది. నేను వెళ్ళినప్పుడు ఆ మూతబడ్డ స్పోడ్ ఆవరణలోనే ప్రదర్శన. పని పోయిన చోట కళ వచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆ వూళ్ళోనే పుట్టి పదహారేళ్ళకే కార్ఖానాలో పని నేర్చుకున్న నీల్ బ్రౌన్స్‌వర్డ్ అనే కళాకారుడు ఈ బాధనే పట్టుకున్నాడు. 'ఫ్యాక్టరీ' అనే పేరుతో 2017లో కొరియాలో చేసిన ప్రదర్శనలో రీటా ఫ్లాయిడ్ అనే ఆవిడని కూచోబెట్టాడు. ఆవిడ జీవితమంతా పింగాణీ పూలు చేసిన కార్మికురాలు. అందరి ముందూ కూచుని, చిటికెడు మట్టి తీసుకుని, వేళ్ళతో ఒక్కో రేకూ నొక్కి, నిమిషాల్లో పువ్వు చేసేది. చేసి, కళాకారుడు చెప్పినట్టు దాన్ని పక్కకి పడేసేది. పూలు గుట్టగా పడి నలిగిపోయేవి. అంత పనితనం ఇవాళ ఎవరికీ అక్కర్లేదు అని చెప్పడం అతని వుద్దేశం. ఆ ఆలోచన తలచుకుంటే గుండె పట్టేస్తుంది. రీటా పేరు కూడా చెప్పాడు, మెచ్చుకోవాలి. అయినా నాకొక ప్రశ్న మిగిలింది. ఆ ప్రదర్శన అతని పనిగా చరిత్రలోకి వెళ్తుంది. పువ్వుల మీద రీటాకి హక్కు ఎంత? పేరు చెప్పడం మొదటి మెట్టు. ఆ తర్వాతి మెట్లింకా వున్నాయి.

చివరగా ఫీబీ కమింగ్స్. సొంత స్టూడియో, బట్టీ లేని పరిస్థితిలో ఈమె కాల్చని మట్టితోనే పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆకులు, తీగెలు, పూలు పచ్చి మట్టితో ప్రదర్శన జరిగే చోటే చేస్తుంది. అయిపోయాక ఆ మట్టిని తడిపి మళ్ళీ వాడుకుంటుంది. 2017లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పచ్చి మట్టితో ఒక ఫౌంటెన్ కట్టింది. నీళ్ళు పడుతుంటే అది కొంచెం కొంచెంగా కరిగిపోయింది. రేడియోలో వచ్చే స్త్రీల కార్యక్రమం పేరుతో పెట్టిన చేతిపనుల బహుమతి దానికే వచ్చింది. పొద్దున వేసి సాయంత్రానికి చెరిగిపోయే ముగ్గు తెలిసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ కరిగిపోయినా, చేసినావిడ పేరు నిలిచింది.

అక్కా, పొద్దున నువ్వడిగిన ప్రశ్నకి నా జవాబిది. కూలి రేటూ, పేరూ వేరువేరు గొడవలు కావు. చెయ్యి ఆనించుకునే చెక్క లాక్కున్నవాళ్ళే కూలి తగ్గించారు. పేరు లేని మనిషి సీసంతో చచ్చిపోతే లెక్కలోకి రాదు. ఎవరు చేశారో చెప్పని వస్తువు ఎంతకి చేశారో కూడా చెప్పదు.

స్టోక్ నుంచి వచ్చాక నేను ఆ ముసలావిడ కోసం వెళ్ళాను. అప్పటికే ఆవిడ లేదు. వాళ్ళ కోడలు వుంది. ఇంటి వెనక వసారాలో ఆవిడ చేసిన కాగు ఒకటి ఇంకా నీళ్ళు పట్టుకుని వుంది. ఆవిడ పేరడిగి రాసుకున్నాను. పోలమ్మ. అంతకు ముందు నేను ఆ పేరు ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ సమావేశం ముందు నాదొక ప్రతిపాదన. మన సంస్థ తరపున అమ్మే ప్రతి వస్తువు మీదా చేసిన మనిషి పేరు, వూరు, ఆమెకి ముట్టిన కూలి, ఈ మూడూ రాయాలి. సంఘం పేరు వాటి కింద వుండాలి, పైన కాదు. కుదరదనకండి. నేనొకసారి అలాగే అన్నాను. చీటీలు ఈసారి కూడా నేనే రాస్తాను.

సెలవు.